వెన్నలా దిగే క్లచ్

మెకానిక్ షెడ్డులో ఎర్ర స్పోర్ట్స్ కారు ఆగి ఉంది. స్టీరింగ్ ముందు బావ కూర్చున్నాడు. మెకానిక్ అయిన బావమరిది డోరు పట్టుకుని నిలబడ్డాడు.

“రేసుకార్ల క్లచ్ వెయ్యరా అంటే ఇదేంట్రా, వెన్నలా దిగిపోతోంది! పాతది తొక్కితే తొడ పట్టేసేది.”

“ఇది దానికంటే గట్టిది బావా. పెడలొక్కటే తేలిక.”

“తేలిగ్గా కావాలని నేనడిగానా?”

“అక్క అడిగింది.”

“మీ అక్కా? దానికి కారు నడపడమే రాదు కదరా!”

“మా నాన్న షెడ్డులో పెరిగిన మనిషికి రాకపోవడమేంటి?”

“పెళ్ళై ఇన్నేళ్ళయింది, ఒక్క మాటైనా చెప్పలేదే!”

“చెప్తే మాత్రం? దీని మీద ఎవరినైనా చెయ్యి వెయ్యనిచ్చావా?”

“అది సరే, ఇప్పుడెందుకు అడిగింది? నాకేం అర్థం కావట్లేదు.”

“మొన్న గుండెనొప్పొచ్చి పడిపోయావు చూడు, నిన్ను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారనుకున్నావు?”

“అంబులెన్సు... కాదా?”

“అక్కే, ఈ కార్లో. ఆ పాత క్లచ్ ఒక్క కాలికి లొంగక, గేరు మార్చిన ప్రతిసారీ సీటు అంచుకి జరిగి రెండు కాళ్ళతో తొక్కిందట.”

బావ పెడల్ మళ్ళీ ఒకసారి నెమ్మదిగా తొక్కి చూశాడు.

“ఒరేయ్, ఇంకాస్త తేలిక చెయ్యడం కుదురుతుందా?”