చప్పుడు తీసేసే బటన్

అమ్మకానికి ఉన్న ఖాళీ ఇల్లు. వెనక గదిలో ఇద్దరు: ఇళ్ళు చూపించే ఏజెంటు, ఆ ఆఫీసు నడిపే అతని బావ.

"...అంటే, నోటితో నేనేమీ అనలేదు బావా. అదే ఆలోచిస్తున్నాను. చుట్టుపక్కల చప్పుడు ఎలా ఉంటుందని ఈ ఇల్లు కొంటానన్నావిడ అడిగింది. మీరే వినండి అని ఫోను గది మధ్యలో ఎత్తి పట్టుకున్నాను. అంతే. అందులో అబద్ధం ఎక్కడుందా అని వెతికాను. దొరకలేదు. దొరక్కపోయేసరికి ఇంకా భయం వేసింది."

"గట్టిగా చెప్పు. సగం వినపడట్లేదు."

"అదిగో, అదే నేను చెప్పేది."

"ఏది?"

"ఎదురుగా నిలబడి కూడా నువ్వు గట్టిగా చెప్పమంటున్నావు. గోడ మీద చెయ్యి పెట్టి చూడు. వణుకుతోంది. అవతల ఐస్ ఫ్యాక్టరీ. ఇంత మోతలో నేను వీడియో కాల్ చేస్తే ఆవిడకి ఏం వినిపించిందో తెలుసా? ఏమీ లేదు. నా గొంతొక్కటే. యాప్‌లో వెనక చప్పుడు తీసేసే బటన్ ఉందిగా, అది నొక్కి ఉంది."

"ఆ బటన్ నువ్వు కనిపెట్టావా? యాప్ చేసినవాడు పెట్టాడు. అందరికీ పెట్టాడు."

"మొదటిసారి నొక్కి ఉందని నాకు తెలీదు. ఎంత ప్రశాంతంగా ఉందండీ అంది. ఆశ్చర్యపోయాను. అప్పుడు చూసుకున్నాను. ఆ తర్వాత చేసినవన్నీ తెలిసి చేసినవే."

"సరే, ఒక మాట అడుగుతాను. గది వెడల్పుగా కనిపించే కెమెరా వాడతావా లేదా?"

"వాడతాను."

"ఖాళీ హాల్లో సోఫా వేసినట్టు చూపిస్తావు. మబ్బు పట్టిన రోజు ఫోటో తీసి ఆకాశానికి నీలం పూస్తావు. అప్పుడు హాయిగా నిద్రపోయావు. ఆకాశం మారిస్తే అంటని పాపం ఐసుగడ్డ దాస్తే అంటుకుందా?"

"సోఫా లేదని వచ్చి చూస్తే తెలుస్తుంది బావా. ఈవిడ రాదు. ఎప్పుడు రమ్మన్నా వీలుకాదంటుంది. ఎవరెవరుంటారండీ అంటే నేనొక్కదాన్నే అంది. ఎన్నో ఇళ్ళు మారి విసిగిపోయానంది. ఇది సొంతం చేసుకుంటే ఇక కదలక్కర్లేదంది. తెలుస్తోందా? సామాను దింపుకుని, తలుపు వేసుకుని కూర్చున్నాక వింటుంది. అప్పుడు ఏ బటన్ నొక్కుతుంది?"

"ఏదో ఒకటి నొక్కుతుంది. ముందు సంతకం సంగతి చెప్పు."

"కాగితాలు ఫోనుకి పంపాను. సంతకం యాప్‌లో తెరుస్తుంది, తెరిచినట్టు నాకు తెలుస్తుంది. వేలితో గీస్తే అయిపోతుంది. గీయదు, మూసేస్తుంది. మర్నాడు ఫోను చేసి, ఇంకోసారి వినిపించండి అంటుంది."

"అనుమానం."

"అనుమానమే. నేను ఇంకాస్త నిశ్శబ్దంగా వినిపిస్తాను. ఇంకాస్త వెనక్కి తగ్గుతుంది."

"అయితే ఇవాళ తేల్చెయ్. ఇంటాయన నిన్న కూడా దులిపాడు. అమ్మలేకపోతే చెప్పండి, వేరేవాళ్ళకిస్తానన్నాడు. నీ మనసు శుభ్రంగా ఉంటే చాలదు బావమరిదీ, ఆఫీసు తలుపు కూడా తెరిచి ఉండాలి."

"నిన్న మా అమ్మాయి బళ్ళో జరిగిందేదో చెబుతోంది. దాని పెదాలు కదులుతున్నాయి. ఒక్క మాట చెవిన పడితే ఒట్టు. ఏది వినాలో ఏది అక్కర్లేదో నా బదులు ఇంకెవరో తేల్చేస్తున్నట్టుంది. నాన్నా, వింటున్నావా అంది. వింటున్నానమ్మా అన్నాను. చూశావా, ఎంత తేలిగ్గా వచ్చేసిందో."

"ఈ మాటలు మీ అక్క దగ్గర అనకు. నీ పక్షం కట్టి నాకు అన్నం పెట్టడం మానేస్తుంది. నేను కారు దగ్గర ఉంటాను. మాట్లాడి రా. ఆ బటన్ జోలికి మాత్రం పోకు."

బావ బయటికి వెళ్ళాడు. ఏజెంటు ఫోనులో ఇల్లు కొనబోయే ఆవిడ.

"నమస్కారమండీ. ఇంట్లోనే ఉన్నారా?"

"నేనెప్పుడూ ఇంట్లోనేనండీ. మీరు ఆ వెనక గదిలోనే ఉన్నారా?"

"అక్కడే."

"కాసేపు మాట్లాడకండి. వింటాను."

"సరే."

"...ఏమీ లేదు."

"..."

"నిజంగా ఏమీ లేదు కదండీ. మరీ ఇంత... చుట్టూ మనుషులుంటారా అసలు?"

"ఎడమవైపు ఇల్లుంది. మధ్యలో సన్న సందు. భార్యాభర్తలు ఉంటారు. నెమ్మదస్తులు."

"మొదట్లో అందరూ నెమ్మదస్తులేనండీ."

"ఏమన్నారు?"

"ఏం లేదు. సరే, కానివ్వండి. నెలాఖరుకి ఇక్కడ ఖాళీ చెయ్యాలి, ఇంకెక్కడికని పోతాను. గోడలకి ఏవో దళసరి పలకలు బిగిస్తారట, అడిగి చూస్తాను. కాగితం తెరిచాను. ఈ గళ్ళోనేనా సంతకం?"

"ఆ గళ్ళోనే. కానీ..."

"వేలు పెట్టాను. గీతలు వంకర పోతున్నాయి. పర్వాలేదా?"

"ఆగండి."

"మొదటి అక్షరం అయింది."

"వేలు తియ్యండి. దయచేసి తియ్యండి. నేనొక బటన్ నొక్కాలి. నొక్కాక ఏమీ మాట్లాడను. మీరు వినండి."

"దేనికండీ?"

"వినండి, అంతే."

"...ఏమిటిది? లారీ ఏదైనా ఆగిందా?"

"లారీ కాదు. గోడ అవతల ఐస్ ఫ్యాక్టరీ. మీరు విన్న ప్రతిసారీ ఉంది. నేనే మీకు చేరకుండా చేశాను. మొదటిసారి నాకు తెలీదు, అంత వరకూ నిజం. ఆ తర్వాత తెలుసు. మీరు ప్రశాంతంగా ఉందన్నప్పుడల్లా ఊరుకున్నాను. ఒకసారి అవునండీ అని కూడా అన్నాను. ఆ సంతకం చెరిపేయండి. కావాలంటే తిట్టండి. కాసేపు తిడితే నాకూ..."

"ఎప్పుడు ఆపుతారు దాన్ని?"

"ఆపరండీ."

"ఆదివారం?"

"ఆదివారం కూడా. రాత్రి కొంచెం తగ్గుతుంది, ఆగదు."

"పక్కింటివాళ్ళకీ ఇంతే వినపడుతుందా?"

"ఇంతే. గుమ్మంలో నిలబడి చేతులూపి మాట్లాడుకుంటారు. నాకు తెలుసు, ఇదంతా ముందే..."

"ఫోను గోడకి ఆనించండి."

"ఎందుకండీ?"

"ఆనించండి."

"...ఆనించాను. వింటున్నారా? ఏమండీ? ఏడుస్తున్నారా?"

"లేదు. నేనూ ఒక బటన్ నొక్కాలి. మాట సరిగా రావడం లేదని పోయినవారం మీరు నేర్పించారే, వెనక చప్పుడు తీసేసేది, అదే. అప్పట్నించీ తియ్యలేదు. ఇదిగో, తీస్తున్నాను."

"ఎవరో తలుపు బాదుతున్నారండీ. చూడండి, నేను ఆగుతాను."

"ఎవరూ రాలేదు. మా తమ్ముడు. తలుపు కాదు, గోడ. మెలకువగా ఉన్నంతసేపూ అరచేత్తో అలా కొడుతూనే ఉంటాడు. పెద్దవాడే, గడ్డం నెరుస్తోంది. మాటలు రావు. ఎవరినీ ఏమీ అనడు. గోడతోనే ఏదో చెప్పుకుంటాడు."

"మీరొక్కరే ఉంటానన్నారు."

"అన్నాను. ఆ మాట అన్నప్పుడు వాడు నా పక్కనే ఉన్నాడు. నా మొహం వంక చూశాడు. వాడికి అర్థమవుతుందో లేదో నాకు తెలీదు, అయినా మీ ఫోను పెట్టేశాక చాలాసేపు వాడివైపు తిరగలేకపోయాను."

"నాకు చెప్పి ఉంటే..."

"మీరు మంచి కోసమే పక్కింటివాళ్ళ చెవిన వేసేవారు. వాళ్ళు మంచి కోసమే ముందుగా వచ్చి నిలబడేవారు. అన్ని ఇళ్ళల్లోనూ మర్యాదగానే ఖాళీ చెయ్యమన్నారండీ, ఒక్కళ్ళూ గొంతు పెంచలేదు. సొంతిల్లయితే పొమ్మనలేరు కానీ గుమ్మంలోకి రావచ్చు కదా. పొద్దున్నే, మర్యాదగా."

"అందుకా, వినిపించండి వినిపించండి అన్నది?"

"ఏదైనా వినపడుతుందేమోనని. రైలో, రంపం మిల్లో, వాడి చప్పుడుని ముంచేసేది ఏదో ఒకటి. మీరేమో ప్రతిసారీ చీమ చిటుక్కుమనని ఇల్లు చూపించారు. సంతకం దాకా వచ్చి భయపడి మూసేసేదాన్ని. చప్పుడున్న ఇల్లు చూపించండి అని ఎవరైనా అడుగుతారా? అడిగితే ఎందుకని అనరా?"

"మరి ఆయనకి ఈ మోత? గోడే వణుకుతుందండీ ఇక్కడ."

"తెలీదు. నచ్చుతుందో, ప్రాణం తీస్తుందో. చెప్పలేడు కదా. వాడి బదులు నేనే తేల్చేస్తున్నాను. అది నా పాపం, మీరు మొయ్యక్కర్లేదు. ఒక్కటి చెప్పండి. ఆ మోత దాటుకుని వాడి చెయ్యి పక్కింటికి వినపడుతుందా? ఈసారి నిజం చెప్పండి."

"నాకు తెలీదు. తెలీకుండా ఇంకేమీ చెప్పను. కారులో పెద్ద స్పీకరుంది, తెచ్చి పక్కింటివైపు గోడ దగ్గర పెట్టి, మీ వైపు చప్పుడు అంతా దాంట్లో పెంచి, తలుపు వేసి, సందులో పక్కింటి కిటికీ కింద నిలబడి వింటాను. నేను తిరిగొచ్చేదాకా ఆయన్ని ఆపకండి."