అటక దిగిన సూట్‌కేసు

సాయంత్రం ఆరు దాటింది. భోజనాల బల్ల పక్కన నేల మీద ఒక పెద్ద సూట్‌కేసు ఉంది. దాని చుట్టూ భర్త, భార్య, భర్త తల్లి.

"అది కాదు, అటక మీదున్నదాన్ని కిందికెందుకు దింపావని అడుగుతున్నా."

"దుమ్ము పట్టిందండీ."

"దుమ్ము పడితే అక్కడే దులపొచ్చుగా."

"అక్కడ దులిపితే మీ దిండు మీద పడుతుంది."

"అందులో నా పాత యూనిఫాములున్నాయి."

"ఉండేవి. ఇప్పుడు గోనెసంచిలో ఉన్నాయి."

"గోనెసంచిలోనా! ఆ ఇస్త్రీ మడతలు..."

"పదేళ్ల నాటి మడతలండీ అవి. ఆ ప్యాంట్లు ఇప్పుడు మీకు మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోతాయి."

"అమ్మా, చూశావా? నా ఇంట్లో నా బట్టలకి ఒక పెట్టె లేదు."

"నన్ను లాగకురా. అది దింపుతుంటే స్టూలు పట్టుకున్నది నేనే."

"నువ్వు కూడానా?"

"స్టూలు వరకేరా. మిగతాది నాకు తెలీదు."

"ఇంతకీ ఎందుకిది? రేపు నువ్వు వెళ్లేది స్టాఫ్ పాసు మీద. సీటు ఖాళీ ఉంటేనే ఎక్కేది. చేతిసంచి ఒక్కటే, అదీ ఏడు కిలోలు. పెద్ద పెట్టె విమానం పొట్టలో పెట్టేశాక, ఆఖరి నిమిషంలో నిన్ను దింపాల్సి వస్తే దాన్నెక్కడ వెతికేది? పెళ్లయి పద్నాలుగేళ్లయింది, ఇంకా నేను చెప్పాలా?"

"అక్కర్లేదు. ఏడు కిలోలంటే ఎంతో నా భుజానికి తెలుసు."

"మరి?"

"దుమ్మన్నాగా. అది సరే గానీ, రేపు పొద్దుటి విమానంలో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయి?"

"రేపా? రేపు... అన్నట్టు ఇవాళ ఏం జరిగిందో విన్నావా? సామాన్లెక్కించే పెద్దాయన రిటైరయ్యాడు. ముప్పై రెండేళ్ల సర్వీసు. అందరం కలిసి ఇంత కేకు తెప్పించాం. ఆ డబ్బా తీసుకెళ్లి సామాన్ల బెల్టు పక్కన పెట్టారెవరో. కొత్తగా చేరినవాళ్లు అదీ సామానే అనుకుని ఎక్కించేశారు."

"విమానంలోకా?"

"విమానంలోకే! గంటకి అటు ఎయిర్‌పోర్టు నుంచి ఫోను. 'ఒక కేకు దిగింది, మీద పేరుంది, ఆ పేరుతో ప్రయాణికుడు లేడు' అని. తిరుగు విమానంలో పంపమన్నాం. పంపారు. పేరున్న ముక్క మాత్రం కోసుకు తినేసి పంపారు."

"పెద్దాయనేమన్నాడు?"

"ఏమంటాడు, నవ్వాడు. 'ముప్పై రెండేళ్లలో నేను ఒక్క పెట్టె పొరపాటుగా ఎక్కించలేదు, నా కేకునే ఎక్కించారా' అని."

"కేకుకైనా చోటు దొరికింది, నయం."

"అవునత్తయ్యా. వెళ్లింది, వచ్చింది కూడా. రేపు ఎన్ని ఖాళీలున్నాయండీ?"

"పొడుగు కెప్టెన్ సంగతి చెప్పానా? రన్‌వే చివర ఇల్లు కొన్నాడుగా, చవగ్గా వచ్చిందని. ఇప్పుడు విమానాల చప్పుడుకి నిద్ర పట్టట్లేదని మా ఆఫీసుకే ఫిర్యాదు రాశాడు. పెద్ద చప్పుడు చేసే విమానాల పట్టిక కూడా జతచేశాడు. చూస్తే అందులో సగం ఆయన నడిపేవే."

"బాగుంది. రేపు పొద్దున..."

"ఇంకోటి విను. మా కౌంటరమ్మాయికీ, ఆ చక్రాలు చూసే మెకానిక్‌కీ కుదిరిందట. ఆ పిల్ల అతనికి గేటు దగ్గరున్న మైకులోనే 'సాయంత్రం టీకి రండి' అని చెప్పిందట, మైకు ఆపాననుకుని. నూట ఇరవై మంది విన్నారు. ఒక పెద్దాయన 'మమ్మల్ని కూడానా అమ్మా' అని కౌంటర్ దాకా వచ్చి అడిగాడు."

"ఒరేయ్."

"ఏంటమ్మా?"

"అమ్మాయి ఒక ప్రశ్న మూడుసార్లడిగింది. నువ్వు మూడు కథలు చెప్పావు. ఖాళీలెన్ని?"

"...ఒకటి."

"ఒకటా?"

"ఒకటేనమ్మా. దారిలో ఆ ఏటి మీది వంతెన మూసేసినప్పటి నుంచీ బస్సులు చుట్టూ తిరిగి వెళ్లడానికి రెండు రోజులు పడుతోంది. జనమంతా విమానం మీద పడ్డారు. నేనేం చేసేది?"

"ఒకటి చాలండీ. నేను ఒక్కదాన్నే కదా. స్టాఫ్ పాసుల జాబితాలో మొదటి పేరు నాదే అన్నారు మీరు."

"అన్నాను."

"పోయిన సోమవారం టికెట్ కొనుక్కుంటానంటే వద్దన్నారు. 'స్టాఫ్ భార్య డబ్బిచ్చి టికెట్ కొంటే కౌంటర్లో నా పరువేం కాను' అన్నారు."

"అన్నాను. అయితే?"

"ఏం లేదు, గుర్తుచేస్తున్నా. ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి చెల్లెల్ని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తారు. తొలి కాన్పు. అమ్మకి మోకాళ్లు లేవవు. మరిదికి సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయి, ఆయన పక్కన ఇంకో మంచం వెయ్యాలి. 'అక్కా, లోపలికెళ్లే ముందు నీ మొహం కనపడాలి' అందది. రేపటి విమానం దాటితే ఎల్లుండి విమానం దిగేసరికి పదకొండు."

"తెలుసు, తెలుసు. అంత వివరంగా ఎందుకు?"

"మా వాళ్లు 'అక్క బయల్దేరింది' అనడం మానేసి చాలా కాలమైంది. 'అక్క లైన్లో ఉంది' అంటారు. అన్నయ్య పెళ్లికి నేను చేరేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు. నాన్న కంటి ఆపరేషన్‌కి వెళ్లేసరికి ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నాకే ఎదురొచ్చారు. పద్నాలుగేళ్లలో పంతొమ్మిదిసార్లు బయల్దేరాను. ఎక్కింది ఎనిమిదిసార్లు."

"ఎక్కినవి లెక్కపెట్టుకోవుగా! ఎనిమిదిసార్లు ఉచితంగా!"

"ఉచితమే. మంచి బట్టలు కట్టుకోవాలి, చెప్పులు తుడుచుకోవాలి, ఎవరికీ స్టాఫ్ అని చెప్పకూడదు, దింపితే మొహం మాడ్చకూడదు, నవ్వుతూ నిలబడాలి. ఎవరైనా ప్రయాణికుడు ఆలస్యమైతే బాగుండునని చూస్తూ నిలబడాలి. ఒకసారైతే ఒకాయన కారు టైరు పంక్చరవ్వాలని దణ్ణం పెట్టుకున్నాను. ఆయన పరిగెత్తుకొచ్చి నా సీట్లో కూర్చున్నాడు."

"పాపం, ఆయనకేం తెలుసే అమ్మాయ్."

"కిందటి ఎండాకాలం సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టుకున్నానత్తయ్యా. ఎండ మండుతోంది, ఇంత బరువుతో విమానం లేవదు, కొంత తగ్గించాలన్నారు. అంత పెద్ద విమానంలో ఆ బరువెవరా అంటే, నేను! మైకులో పిలిచిందెవరు?"

"నేను డ్యూటీలో ఉన్నాను."

"'చివరి వరుసలో కూర్చున్న ఆవిడ దయచేసి కిందికి రావాలి' అన్నారు. ఆవిడట!"

"మైకులో మరి 'ఏమేవ్' అనమంటావా?"

"ఒరేయ్, ఒకటడుగుతాను, నా వైపు చూసి చెప్పు. ఆ ఒక్క సీటూ దీనికే కదా?"

"రూలు ప్రకారం అయితే..."

"రూలు నాకొద్దు. దీనికేనా?"

"అమ్మా, కూర మాడుతున్నట్టుంది."

"పొయ్యి మీద ఏమీ లేదండీ. కూర దింపి బల్ల మీద పెట్టాను. మీ ముందే ఉంది. కూర్చోండి, వడ్డిస్తాను."

"కూర్చో నాన్నా. కూర్చుని చెప్పు."

"అది... ఇవాళ పొద్దున మా ఎయిర్‌పోర్టు మేనేజర్ పిలిచాడు. 'మా అత్తగారు రేపు వెళ్లాలంటున్నారు, పేరు కాస్త పైన పెట్టు' అన్నాడు."

"పెట్టావా?"

"ఆయన అడిగినట్టు అడగలేదమ్మా. నా భుజం మీద చెయ్యేసి అన్నాడు."

"పెట్టావా లేదా?"

"పెట్టాను."

"అంటే అమ్మాయి?"

"రెండోది."

"ఒక్క సీటుకి రెండోది! ఇంతకీ ఆవిడకేం పనిరా అంత అవసరంగా? ఆవిడ చెల్లెలూ కనబోతోందా?"

"లేదు. కుక్కర్ మూత మార్చుకోవాలట."

"ఏంటీ?"

"గ్యారంటీ రేపటితో అయిపోతుందటమ్మా! ఆ షాపు అక్కడే ఉందట. నవ్వకు. నేనేం చెయ్యను? వచ్చే నెల ప్రమోషన్ జాబితా వెళ్లేది ఆయన చేతి మీదుగానే. ఇదిగో, నువ్వైనా ఏదో ఒకటి అను. తిట్టు. ఏంటి, ఆ ఫోన్లో నొక్కుకుంటున్నావ్?"

"ఏం లేదండీ. తినండి."

"చెల్లెలికి చెప్తున్నావా?"

"ఆ, చెల్లెలికీ చెప్పాలి. ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది. కోపమొచ్చిందా?"

"లేదు."

"కోపం రాకపోతే నాకు భయమేస్తుంది. చూడు, రేపు నువ్వు మామూలుగానే రా. ఎవరో ఒకరు రాకపోవచ్చు. పొద్దుటి విమానానికి జనం లేవరు. ఎన్నోసార్లు..."

"మీ ఫోను మోగుతోంది."

"కౌంటరమ్మాయి. హలో? ఆ, చెప్పమ్మా. ఏంటీ? ఎప్పుడు? ఇప్పుడేనా? అమ్ముడైపోయిందా? ఖాయంగా? పూర్తి డబ్బు కట్టారా! అబ్బా, బతికించావు తల్లీ! ఎందుకు నవ్వుతున్నావ్? పేరా? పేరుతో నాకేం పనమ్మా, ఎవరైతేనేం. ఉంటా, ఉంటా. అలా నవ్వుతావేంటీ? ఉంటా!"

"ఏమైందిరా?"

"అమ్మా, గండం గడిచింది! ఆ ఒక్క సీటూ ఎవరో కొనేశారు. ఇప్పుడు విమానం నిండు. ఖాళీయే లేదు!"

"అయితే అమ్మాయి..."

"అమ్మాయీ వెళ్లదు, మేనేజర్ అత్తగారూ వెళ్లరు! ఇందులో నా తప్పేం లేదు. డబ్బిచ్చిన ప్రయాణికుడొచ్చాడు, స్టాఫ్ తప్పుకోవాలి, అంతే. మేనేజరైనా నోరెత్తలేడు. ఎవరో గానీ మహానుభావుడు, నిండు నూరేళ్లు బతకాలి! రేపు స్వయంగా నేనే ఆయన సామాను మోసి, చెయ్యి పట్టి మెట్లెక్కిస్తాను."

"మాటేనా అండీ?"

"మాటే. ఇంకొంచెం కూర వెయ్యి. ఇప్పుడు ఆకలేస్తోంది."

"వేస్తాను. సామాను ఇరవై కిలోల దాకా పెట్టుకోవచ్చు కదూ, టికెట్ కొన్నవాళ్లు?"

"ఆ, ఇరవై."

"పంతొమ్మిదిన్నరే వచ్చింది. మన బాత్రూం తూకం మీద తూచాను. మీరొక్కరే ఎత్తగలరు."

"ఏది?"

"మీ పక్కనున్న సూట్‌కేసు."

"...నువ్వా?"

"కూర ఇంకా వెయ్యనా?"

"నువ్వా కొన్నది? ఇప్పుడా? ఇక్కడ, నా ఎదురుగా కూర్చుని?"

"పిల్లలకి లెక్కలు చెప్పిన డబ్బులున్నాయిగా నా దగ్గర. మధ్యాహ్నమే కౌంటరమ్మాయి ఫోన్ చేసి, 'అక్కా, మీ పేరు కిందికి జారింది' అంది. అప్పుడే కొనేదాన్ని. మీరు ఇంటికొచ్చి నోరు తెరిచి చెప్తారేమో, ఆవిడ పేరు మళ్లీ కిందికి దింపుతారేమోనని చూశాను. కూర వడ్డించేదాకా చూశాను."

"ఆలోగా ఇంకెవరైనా కొనేస్తేనో?"

"అదే భయంతో అన్నిసార్లు అడిగాను మిమ్మల్ని. మీరు కేకు కథ చెప్తున్నంతసేపూ నా వేలు ఫోను మీదే ఉంది."

"అమ్మా! నీకు తెలుసా ఇది?"

"స్టూలు వరకే అన్నాగా."

"అమ్మా!"

"సరేరా, స్టూలూ, తూకమూ. అమ్మాయి పెట్టె ఎత్తుకుని తూకం మీద నిలబడితే అంకె చదవాలి కదా ఎవరో ఒకరు."

"మేనేజర్‌కి నేనేం చెప్పను? ఆ సీటు కొన్నది నా భార్యేనని తెలిస్తే..."

"రూలు చెప్పండి. 'డబ్బిచ్చిన ప్రయాణికురాలొచ్చింది, స్టాఫ్ వాళ్లు తప్పుకోవాలి, దయచేసి అర్థం చేసుకోండి.' నాకు పదకొండుసార్లు చెప్పిన మాటే, మీకు నోటికొచ్చు. చెప్పేటప్పుడు తల కొంచెం పక్కకి వంచుతారు చూడండి, అలాగే వంచండి."

"ప్రమోషన్ పోతుంది."

"పోతే పోనీరా. కుక్కర్ మూత మీద వచ్చే ప్రమోషన్ ఎన్నాళ్లుంటుంది?"

"మీరిద్దరూ ఒకటైపోయారు. సరే. కొన్నావు. వెళ్లు. నేనే సాగనంపుతాను, మాటిచ్చాను కదా. మోస్తాను."

"కౌంటర్ దగ్గర 'ఏమేవ్' అనకండి. మేడమ్ అనాలి."

"అంటాను మేడమ్. మరి తిరుగు టికెట్? అదీ కొన్నావా?"

"లేదండీ. దానికి డబ్బెందుకు దండగ? వచ్చేటప్పుడు మీ పాసు మీదే వస్తాను."

"హమ్మయ్య! ఎప్పుడొస్తావు? వారమా? పది రోజులా? ఇరవై కిలోలు సర్దావు, అందుకని అడుగుతున్నా. నేనూ, అమ్మా, ఇద్దరమే... నాకు వంట కూడా రాదు. చెప్పు, ఎప్పుడొస్తావు?"

"అది నా చేతుల్లో ఏముందండీ, సీటు ఖాళీ ఉంటే వస్తాను. అంతదాకా మీరు మంచి బట్టలేసుకుని, చెప్పులు తుడుచుకుని, మొహం మాడ్చకుండా ఆ గేటు దగ్గర నవ్వుతూ నిలబడండి."