రికార్డు మీద లేని పేరు

"అత్తయ్యా, అమ్ము చేత పాడించుకుని పేరు ఎగ్గొడతారేమోనని గుండె దడగా ఉంది."

గల్ఫ్ నగరంలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఫ్లాట్‌లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంది కోడలు. కూతురు అమ్ముకు తమిళ సినిమాలో పాడమని కబురొచ్చింది. అదే ఊరి శివార్లలో, ముఐథర్‌లోని స్టూడియోలో రికార్డింగ్. తొంభై ఏళ్ళ అత్తగారు పదిహేనేళ్ళప్పుడు మద్రాసులో చేసిన పనీ అదే.

"ఇంకా ఏమేం అనుకున్నావో చెప్పు."

"అక్కడ లిఫ్ట్ ఆగిపోతుందని కూడా. పదో తరగతి తప్పాను గానీ, భయపడ్డంలో నాది ఫస్టు క్లాసే."

"నాకంటే నయం. తమిళం ముక్క రాదు నాకు. తెలుగు అక్షరాల్లో రాసుకుని, చావు పాటను పెళ్ళిపాట అనుకుని కులాసాగా పాడేశాను."

"అయ్యో! తిట్టారా?"

"దుఃఖాన్ని దిగమింగుకుని ఎంత బాగా పాడిందో అని జనం మెచ్చుకున్నారు. నన్ను కాదులే, హీరోయిన్‌ను. రికార్డు మీద వేసింది ఆవిడ పేరే."

"మీకు బాధనిపించలేదా?"

అత్తగారి నవ్వు ఆగిపోయింది. గిన్నె దగ్గరకు లాక్కుని మిగిలిన చిక్కుడుకాయల ఈనెలు తానే తీశారు. అడగకూడనిది అడిగానా, బీపీ గానీ పెరిగిందా అని కోడలు బీపీ మిషన్ తేవడానికి లేచింది.

"అమ్మును పంపు," అన్నారు చివరికి. "పేరు వేస్తామని ముందు కాగితం మీద రాయించుకుని మరీ పంపు. అలా అడగొచ్చని నాకు చెప్పినవాళ్ళు లేరు."