సున్నివా పెద్దమ్మ కూచునే చోటు

పడవల కొట్టానికి కిటికీ ఎందుకనా? కూచో, చెప్తా. అది మా సున్నివా పెద్దమ్మ తనే రంపం పట్టి కోసుకున్న కిటికీ. అస్ముండ్ పెదనాన్న భార్య. అప్పట్లో ఇంటినిండా జనమేగా, చలికాలమంతా ఒకళ్ల మీద ఒకళ్లం, పొయ్యి చుట్టూ తడి మేజోళ్లు, పెదనాన్న గొంతేమో పక్క దీవిదాకా వినపడేది. ఇహ నాయనమ్మ నోరు... పోనీలే, పోయినావిడ. పెద్దమ్మ ఆ కొట్టంలో ఓ మూల చెక్కలతో మరుగు కట్టుకుని కుర్చీ వేసుకుంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి వెళ్లి గడియ పెట్టుకునేది. ఏం చేసేదంటావా? ఏమీ లేదు, సముద్రం వంక చూస్తూ కూచునేది. అల్లికైనా పట్టుకెళ్లేది కాదు, అదీ నాయనమ్మ కడుపుమంట. "చేతులు ముడుచుకు కూచునే కోడల్ని మా వంశంలో చూళ్లేదమ్మా" అనేది. "ఇప్పుడు చూశారుగా అత్తయ్యా" అని పెద్దమ్మ పిండి పిసుక్కునేది.

ఓసారి పెదనాన్న తల్లి మాట విని ఆ మూలంతా వలలు కుక్కేశాడు. తడి వలల బరువు నీకేం తెలుసు, పెద్దమ్మ ఒక్కోటీ భుజానేసుకొచ్చి, ఇరుగుపొరుగు చూస్తుండగా మంచులో పడేసి, వెళ్లి గడియ పెట్టుకుంది. ఆయన గొణుక్కుంటూ తనే ఎత్తుకెళ్లాడు. ఆయన మీద గెలిచింది ఆవిడొక్కతే తెలుసా.

ఆ వసంతంలోనే మా ఐవిన్ చిన్నాన్న సముద్రంలో పోయాడు. పెదనాన్న పడవలోంచే. చెయ్యి అందినట్టే అంది జారిపోయిందట. ఇల్లంతా పరామర్శలు, "ఎలా జరిగిందయ్యా" అని వచ్చినవాళ్లందరూ అదే అడగడం. పెదనాన్న గోడకానుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, కొట్టంలో తన కుర్చీలో కూచోబెట్టి, బయటికొచ్చి తలుపేసింది. కాసేపటికి లోపల్నించి ఏడుపు. అబ్బ, ఆ ఏడుపు మనిషిది కాదమ్మా. ఆవిడ ఏం చేసిందో తెలుసా, గొడ్డలి తీసుకుని తలుపు ముందే కట్టెలు కొట్టడం మొదలెట్టింది. ఆ చప్పుడులో ఆయన ఏడుపు ఎవరి చెవినా పడకూడదని. పాస్టరుగారు పిలుస్తున్నారని నాయనమ్మ వస్తే, "ఇప్పుడు కాదత్తయ్యా" అని తన శాలువా తీసి ఆవిడకి కప్పింది. ఆవిడా కొడుకు పోయిన మనిషేగా. అక్కడే దుంగ మీద కూచుండిపోయింది.

చీకటిపడే వేళకి పెదనాన్న బయటికొచ్చి, "ఆకలేస్తోంది" అన్నాడు. అంతే. తర్వాత మేం పిల్లలం ఎప్పుడు కొట్టం వైపు పరిగెత్తినా, అంత గొంతున్న మనిషీ నోటిమీద వేలేసుకుని, "ష్, మీ పెద్దమ్మ కూచుందర్రా" అనేవాడు.

ఆ...

నీ బస్సెన్నింటికన్నావ్?