మగ్గం సద్దు

ధర్మవరంలో, ఆగిపోయిన మగ్గం పక్కన కూర్చుని అతను ఫోనెత్తాడు. అవతల పెనుకొండ కోవిడ్ సెంటర్లో ఉన్న భార్య.

“అత్త తినిందా?”

“వాలంటీరు తెచ్చిచ్చిన అన్నమే తినింది. నువ్వు బిళ్లలు మింగినావా?”

“మింగినాలే. ఒకసారి ఆమెకియ్యి ఫోను.”

“పండుకోనుండాది.”

“నిన్నా అదే చెప్తివి. నా నుంచే కదా ఆమెకు అంటుకునింది. ఆమెకేమన్నా అయితే నా పానం నిలబడదు.”

“ఏమీ కాలేదు. నువ్వు ఊరికే బెంగ పెట్టుకోవాకు.”

“మరి మగ్గం సద్దు లేదే?”

ఇంట్లో మనిషి పోతే పదకొండు రోజులు మగ్గం తొక్కకూడదు. అమ్మ పోయి రెండు రోజులే అయింది.

“పోగు తెగింటే అతుకుతాండా. ఉండు.”

ఫోను పక్కన పెట్టి, మగ్గం గుంటలోకి కాళ్లు దించి తొక్కాడు. పోగును మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తింది.

“ఇనిపిస్తాండాదా?”

“ఆ. ఇప్పుడు నాకు నెమ్మదిగా ఉండాది. ఆ సద్దు లేకుంటే అత్తకు నిద్ర పట్టదు, ఆపొద్దు.”

మూలన వెలుగుతున్న దీపం వైపు చూడకుండా అతను తొక్కుతూనే ఉన్నాడు.

“ఆపనులే.”