కుక్కపిల్ల నోరు, వంటాయన ముక్కు

పశువుల ఆసుపత్రి బల్ల మీద నాలుగు నెలల కుక్కపిల్ల. దానికి ఒక పక్క హోటల్లో వంట చేసే ఆయన, ఇంకో పక్క ఆయన భార్య, ఎదురుగా డాక్టరు. ముగ్గురిలో ఇద్దరు ముక్కు మూసుకున్నారు.

"కిటికీ ఇంకొంచెం తెరవండి డాక్టరుగారూ."

"ఉన్నంతా తెరిచానమ్మా. ఇంక గోడ తీసెయ్యాలి. ఎన్నాళ్ళయింది ఇది మీ ఇంటికొచ్చి?"

"తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులుగా నేను వరండాలో పడుకుంటున్నా."

"వరండా చల్లగా ఉంటుందని పడుకుంటోందండీ. పిల్లకేం, బంగారం."

"మురుక్కాలవ పారుతోంది మీ బంగారం నోట్లో."

"నాకేం వాసన రావట్లేదు."

"వంటాయనా, ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, నాకే కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. మీకు నిజంగా రావట్లేదా?"

"కుక్కన్నాక కుక్క వాసన వస్తుంది."

"వస్తుందా? మీకెలా తెలుసు?"

"వస్తుందని విన్నాను."

"ఏమ్మా, ఏంటి సంగతి?"

"ఏమండీ, మీరే చెప్పండి డాక్టరుగారికి."

"చెప్పడానికేం లేదు."

"అయితే నేనే చెప్తా. ఈయనకి ముక్కు పోయిందండీ."

"ఉందిగా."

"ఉంది, ఊరికే. అయిదు నెలల కిందట జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది."

"ఊరంతా టముకు వెయ్యి."

"డాక్టరు దగ్గర దాచకూడదు."

"ఆయన కుక్కల డాక్టరు."

"ముక్కు ఎవరికైనా ముక్కే. మొన్న వాసనొచ్చిన పాలతో వందమందికి కాఫీ కలిపారండీ."

"ఎనభై."

"ఎనభై. హోటలాయన ఈ నెలాఖరు దాకా చూస్తానన్నాడు. అప్పటికీ ముక్కు పని చెయ్యకపోతే గిన్నెలు తోమే చోటికి మారుస్తాడట. ఇరవై రెండేళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషిని."

"ఇప్పుడా గొడవెందుకే? వచ్చింది పిల్ల కోసం."

"పిల్ల గొడవా అదే. ఇంతకుముందు ముగ్గురు తీసుకెళ్ళి, కంపు భరించలేక ముగ్గురూ తిరిగిచ్చేశారట దీన్ని. ఈయన మాత్రం మొహమంతా నాకించుకుని, ఎంత మంచి పిల్లో అని చంకనేసుకొచ్చారు."

"మూడిళ్ళు తిరిగొచ్చింది పాపం. నాలుగోసారి నేను తిప్పి పంపను."

"అయితే ఈ కంపు పోవాలి డాక్టరుగారూ. లేదంటే ఇదన్నా వెళ్ళాలి, నేనన్నా వెళ్ళాలి."

"తొందరపెట్టకు. ఆలోచించుకోనీ."

"చూశారా? ఆలోచించుకుంటారట."

"ఉండమ్మా, ఉండు. ఒక్కొక్కటే చూద్దాం. తిండేం పెడుతున్నారు?"

"అదే, కుక్కల కోసం అమ్ముతారే, ఆ గుళికలు. గిన్నెడు."

"అంతేనా?"

"అంతే."

"ఏమండీ."

"ఒక గుడ్డు."

"ఏమండీ."

"గుడ్డు, కాస్త కాలేయం, హోటల్లో మిగిలిందేదో ఇంత. వంటవాడింట్లో పెరిగే పిల్ల ఎండు గుళికలు తింటోందంటే నలుగురూ నవ్విపోరూ?"

"నవ్వితే నవ్వనివ్వండి. మిగిలినవి మానెయ్యండి. పళ్ళేమైనా ఊడాయా?"

"నా చెప్పులో ఒకటి దొరికింది."

"అది మామూలేనమ్మా. పాలపళ్ళు ఊడేటప్పుడు చిగుళ్ళు పచ్చిగా ఉండి కొంచెం వాసనేస్తుంది. ఇంత వెయ్యదు. దొడ్డికి ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"పెరట్లోకి. ఆ విషయంలో దాన్ని చూసి నేర్చుకోవాలండీ. అదెళ్ళొచ్చాక చూస్తే నేలంతా శుభ్రం."

"ఎవరు తీస్తున్నారు?"

"ఎవరూ తియ్యక్కర్లేదు."

"మరి ఎక్కడికి పోతోంది వంటాయనా?"

"ఏమో."

"ఏమండీ, ఎక్కడికి పోతోందండీ అది?"

"నేను అటు తిరిగి నిలబడతాను. మర్యాద కోసం."

"ఆ నోటితోనా మీ మొహం నాకించుకుంటున్నారు?"

"ఇవాళ్టి నుంచి నుదురొక్కటే."

"చాలా పిల్లలు చేస్తాయమ్మా ఆ పని. వెంటనే తీసేస్తూ ఉంటే మానేస్తాయి. నోటికేమైనా రాశారా?"

"నా టూత్‌పేస్టుతో తోమాను. రెండుసార్లు."

"ఇంకెప్పుడూ చెయ్యకు తల్లీ. మనుషుల పేస్టు మింగితే వాటికి ప్రమాదం."

"నేను పుదీనా నమిలించాను."

"వాసనే లేదన్నారుగా మీరు? పుదీనా ఎందుకు మరి?"

"నువ్వు వరండాలో పడుకుంటున్నావని."

"చల్లదనానికన్నారు?"

"డాక్టరుగారూ, నోరు చూస్తారా?"

"చూస్తాను. తల గట్టిగా పట్టుకోండి. ఇంకా వంగండి, జారిపోతోంది. ఆఁ, చిగుళ్ళు బానే ఉన్నాయి. కొత్త పళ్ళు వస్తున్నాయి. ఇదేంటి ఇక్కడ?"

"ఏంటండీ?"

"అంగిట్లో అడ్డంగా ఏదో ఇరుక్కుంది. కదలనివ్వకండి. వస్తోంది, వస్తోంది... ఇదిగో. ఐస్‌క్రీం పుల్ల. సగం."

"నేను ఐస్‌క్రీం పెట్టలేదు. ఒట్టు."

"మీ ఇంటి పుల్ల కాదులెండి. ఎన్నాళ్ళ నుంచో ఉంది. కింద తిండంతా చేరి కుళ్ళిపోయింది. పాపం, మూడిళ్ళలో ఒక్కరూ నోరు తెరిచి చూడలేదు."

"డాక్టరుగారూ, దాన్ని కాస్త అటు పెట్టండి."

"ఎందుకు?"

"కంపు చంపుతోంది."

"మరి కొట్టదా? ఇన్నాళ్ళు నోట్లో..."

"ఏమండీ, ఏమన్నారు?"

"కంపంటున్నానే."

"మీకా?"

"నాకే. ఉండు, మాట్లాడకు. చేపల బుట్ట కింద రెండు రోజులు నిలవున్న నీళ్ళు... కాదు, ఇంకా లోతుగా ఉంది. అడుగున తడి గోనెసంచి. పైన మురిగిన గుడ్డు. ఒక్కటే గుడ్డు."

"ఏడుస్తున్నారేంటండీ?"

"ఎంత దరిద్రంగా ఉందో తెలుసా? అబ్బబ్బ. ఇంకొంచెం దగ్గరికి తీసుకురండి డాక్టరుగారూ."

"ఈ స్పిరిట్ చూడండి. దూది మీద పోశాను. వస్తోందా?"

"లేదు."

"ఏమండీ, నా చెయ్యి వాసన చూడండి. పొద్దున్నే ఉల్లిపాయలు తరిగాను."

"లేదే. అదొక్కటే వస్తోంది. ఇంకేదీ రావట్లేదు."

"దిగులుపడకండి వంటాయనా. ఒకటి వచ్చిందంటే దారి తెరుచుకున్నట్టే. అందిన వాసనని రోజూ చూస్తూ ఉంటే మిగిలినవీ మెల్లగా రావచ్చు. నేను కుక్కల డాక్టర్నే అనుకోండి, అయినా చెప్తున్నా. పిల్లకి ఇంక భయం లేదమ్మా, రెండు రోజుల్లో నోరు శుభ్రపడుతుంది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఈ దిక్కుమాలిన పుల్ల ఆ చెత్తబుట్టలో పడేస్తే..."

"పారెయ్యకండి డాక్టరుగారూ. మూతున్న సీసాలో పెట్టివ్వండి, ఈయన కోసం ఇంటికి తీసుకెళ్తాం."