‘తాగినవా?’ అనే ప్రశ్న

మిత్రులారా,

ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. కాలనీ వాళ్ళు వచ్చారు. ఠాణా వాళ్ళు డ్యూటీలు మార్చుకుని వచ్చారు. ఆ వెనక, ఫ్యాన్ల చప్పుడు తక్కువగా ఉన్న మూల, త్రివేణి దగ్గర శిక్షణ తీసుకున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కూర్చున్నారు. పిల్లలు అంటే వాళ్ళకు కోపం వస్తుంది. అందరూ ఇరవై దాటినవాళ్ళే. పొరపాటున అన్నాను. అందరికీ నమస్కారం.

నా భార్య త్రివేణి, హెడ్ కానిస్టేబుల్, పోయిన గురువారం చనిపోయింది. ఎలా జరిగిందని చాలామంది ఫోన్ చేశారు. ఫోన్‌లో నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు ఒక్కసారి అందరికీ చెబుతాను.

ఆ రోజు ఆమెకు సెలవు. పొద్దున చాయ్ పెట్టింది. దొండకాయ కూర వండింది. మధ్యాహ్నం నాచారంలోని శిక్షణ గదికి పోయి వచ్చింది. సాయంత్రం బట్టలు మడత పెడుతూ ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పింది. చెమటలు పట్టాయి. నేను ఆటో పిలిచాను. ఉప్పల్ వైపు బయలుదేరాం. దారి ఆమే చెప్పింది. "పెద్ద రోడ్డు తవ్విన్రు, గల్లీలకెళ్ళి పోనీయ్ తమ్మీ" అంది. అతను గల్లీల్లోంచే పోనిచ్చాడు. ఆస్పత్రికి తొందరగానే చేరాం. డాక్టర్లు చాలాసేపు ప్రయత్నించారు. గుండె మళ్ళీ కొట్టుకోలేదు. ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు.

జరిగింది ఇంతే. ఇందులో ఎవరి తప్పూ లేదు. దీని గురించి ఇక మాట్లాడను. ఆమె గెలిచిన సంగతి చెబుతాను.

ఒక మనిషి సాయంత్రం పని ముగించుకుని ఇంటికి నడిచి వస్తున్నాడు. పోలీసులు ఆపుతారు. అతను వాళ్ళ కళ్ళలోకి చూడడు. సైరన్ మోగితే చెవులు మూసుకుంటాడు. చెయ్యి పట్టుకుంటే కేకలు పెడతాడు. అతనికి ఆటిజం ఉంది. ఆపిన పోలీసుకు ఆ సంగతి తెలియదు. మరి అతను క్షేమంగా ఇల్లు చేరతాడా? నాలుగేళ్ళుగా త్రివేణికి ఉన్న ఫికర్ ఇదొక్కటే.

ఈ ఫికర్ ఆమెకు ధర్మేందర్ వల్ల పట్టుకుంది. అతను ఇక్కడే ఉన్నాడు. ఆ రోజు సంగతి సభలో చెప్పొచ్చా అని నిన్న అడిగాను. "జరిగింది జరిగినట్టు చెప్పు, కలపకు" అన్నాడు. కలపను.

ధర్మేందర్ నాచారంలో ఒక అట్టపెట్టెల కంపెనీలో ప్యాకింగ్ చేస్తాడు. షిఫ్టు వదిలే వేళ రోడ్డు మీద తనిఖీ జరుగుతోంది. త్రివేణి డ్యూటీలో ఉంది. ఊగుతూ నడుస్తున్న ఒకతన్ని ఆపింది. "తాగినవా?" అని అడిగింది. "తాగిన" అన్నాడు. "మస్తు తాగినవా?" "మస్తు తాగిన." భుజం పట్టుకుంది. అతను అరిచి, విడిపించుకుని పరుగెత్తాడు. రోడ్డు పక్క మురికికాలువ, ఆ మోరీ గట్టు తగిలి పడ్డాడు. కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. ఠాణాలో గొట్టం ఊదిస్తే ఏమీ చూపించలేదు. అప్పుడు అడిగింది, ఏం తాగినవ్ బిడ్డా అని.

"బూస్ట్. పెద్ద గ్లాసు."

నవ్వొస్తే నవ్వండి. ధర్మేందర్ కూడా ఇప్పుడు నవ్వుతాడు. ఆ రోజు ఠాణాలో అందరూ నవ్వారు. త్రివేణి నవ్వలేదు. ఇంటికి వచ్చి, బెల్టు తియ్యకుండానే కూర్చుని నాతో అన్నది: "నేను అడిగినదానికి వాడు నిజమే చెప్పిండు. అబద్ధం చెప్పినోళ్ళను ఎంతమందిని ఇంటికి పంపిన! నిజం చెప్పినోన్ని కింద పడగొట్టిన."

మర్నాడు యూనిఫాం లేకుండా వాళ్ళింటికి పోయింది. ధర్మేందర్ తల్లి ఈరమ్మగారు గడప దగ్గరే ఆపింది. "నీ లాఠీ నీ ఇంట్ల పెట్టుకో. నా కొడుకు దిక్కు చూసినవంటే ఊకోను" అంది. ఇంకా చాలా అంది, అవి సభలో చెప్పేవి కావు. త్రివేణి అన్నీ విన్నది. చివరికి ఒక్కటే అడిగింది. "అక్కా, నేను మళ్ళ గిట్ల చెయ్యకుండ ఏం నేర్సుకోవాలె?"

ఈరమ్మగారు కుర్చీ వేసింది.

మిత్రులారా, ఒక పోలీసు అలా అడగడం నేను అంతకుముందు వినలేదు. మీరు విన్నారా?

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే గౌతమి పేరు తెలిసింది. గౌతమి పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవు రోజుల్లో నాచారంలో ఒక గది అద్దెకు తీసుకుని, ఆటిజం ఉన్నవాళ్ళకు వీఆర్‌తో శిక్షణ ఇస్తోంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కళ్ళకు ఒక పెద్ద అద్దాల పెట్టె కట్టుకుంటారు. గదిలోనే నిలబడి ఉంటారు గానీ చుట్టూ రోడ్డు కనిపిస్తుంది, బండ్లు వస్తాయి, పోలీసు వచ్చి ఆపుతాడు. ఏం చెయ్యాలో, ఏం చెప్పాలో భయం లేకుండా ఎన్నిసార్లైనా నేర్చుకోవచ్చు. నచ్చకపోతే తీసేయొచ్చు. త్రివేణి దాన్ని డబ్బా అనేది. "డబ్బా పెట్టుకో" అంటే చాలు, అందరికీ అర్థమయ్యేది.

మొదట ఆ డబ్బాలో ఉన్నది పరాయి దేశపు పోలీసు. ఆపిన మనిషిని కారు మీద చేతులు పెట్టమంటాడు. త్రివేణి గౌతమితో అంది: "మన దగ్గర బండి మీద చెయ్యి పెడితే, ఎందుకు ముట్టినవ్ రా అని ఇంకొకటి తగుల్తది." గౌతమి మార్చింది. ఈసారి పోలీసు "దయచేసి తమ వివరాలు తెలియజేయగలరా?" అన్నాడు. త్రివేణికి నవ్వాగలేదు. "గిట్ల మాట్లాడే పోలీసోన్ని ఒక్కన్ని చూపియ్, లీవు పెట్టి పోయి దండం పెడ్త" అంది. గౌతమి ఊరుకోలేదు. "అయితే మీరే మాట్లాడండి మేడం, ఎవరు కాదన్నరు?" అంది. త్రివేణి మాట్లాడింది. "ఏయ్, ఆగు! ఏడికి? పేరేంది?" ఆ గొంతు డబ్బాలోకి ఎక్కింది.

ధర్మేందర్ పెట్టుకుని చూసి, ఇంకా తృప్తిపడలేదు. "అక్కా, నీ రోడ్డు మీద కుక్కలు లేవు. హారన్లు లేవు. ఇది నాచారం కాదు" అన్నాడు. గౌతమి కుక్కల్ని పెట్టింది. హారన్లు పెట్టింది. నెమ్మదిగా, కొంచెం కొంచెంగా పెంచింది. డబ్బా పెట్టుకోలేనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు త్రివేణి అసలు రోడ్డు మీదే, పక్కన నడుస్తూ నేర్పింది.

నేర్చుకోవలసింది వీళ్ళేనా? ఆపేవాళ్ళు నేర్చుకోవద్దా? త్రివేణి తన తోటి పోలీసుల్ని తీసుకొచ్చి డబ్బా పెట్టించింది. వాళ్ళ కోసం గౌతమి వేరేది తయారు చేసింది. అందులో లైట్లు మరీ వెలుగుగా ఉంటాయి. చప్పుళ్ళన్నీ ఒకేసారి మీద పడతాయి. అవతలివాడి ప్రశ్న సగమే వినిపిస్తుంది. ఒక పొడుగాటి ఎస్సైగారు డబ్బా తీసేసి, నుదురు తుడుచుకుని, "జర ఒక్క నిమిషం ఆగుండ్రి" అన్నారు. త్రివేణి చల్లగా అంది: "సార్, వాళ్ళు కూడ గదే అడుగుతున్నరు." ఆయన ఈ ముందు వరసలోనే ఉన్నారు. తల ఊపుతున్నారు. థాంక్స్ సార్.

ఇక ఆ ప్రశ్న సంగతి. "తాగినవా?" అని అడగొద్దని త్రివేణి పట్టుబట్టింది. "మందు తాగినవా?" అని అడగాలంది. ఒక్క మాట చేర్చింది. ఠాణాలో ఒప్పించింది. శిక్షణ గదికి వచ్చి, అక్కడ నేర్చుకునే చాందినిని అడిగింది. చాందిని ఫిట్స్ రాకుండా రోజూ టానిక్ వేసుకుంటుంది. నిటారుగా నిలబడి జవాబిచ్చింది: "తాగిన మేడం. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. డాక్టర్ చెప్పిండు."

త్రివేణి నెత్తి కొట్టుకుంది. అంత గట్టిగా నవ్వడం ఆ గదిలో ఎవరూ చూసి ఉండరు. మళ్ళీ ఠాణాకు పోయింది. మళ్ళీ మార్పించింది. "కల్లు గానీ, బీరు గానీ, విస్కీ గానీ తాగినవా?" రోల్‌కాల్‌లో ఒకాయన "మేడం, ఇది ప్రశ్ననా, మెనూ కార్డా?" అన్నాడట. "ఏదైతేంది, ఆర్డర్ మాత్రం తీసుకోకు" అందట. అందరూ నవ్వారు. కానీ అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడూ అలాగే అడుగుతున్నారు. మిత్రులారా, ఇది గెలుపు కాదా?

ఇంకా పెద్ద గెలుపు చెబుతాను. ఈ వానాకాలంలో ధర్మేందర్ ఎక్కవలసిన బస్సు కాకుండా వేరే బస్సు ఎక్కి అన్నోజిగూడలో దిగాడు. హైవే మీద నడుస్తుంటే పెట్రోలింగ్ వాళ్ళు ఆపారు. వాళ్ళు మన ఠాణా వాళ్ళు కాదు. త్రివేణి పేరు కూడా వాళ్ళకు తెలియదు. ధర్మేందర్ ఆగాడు. రెండు అరచేతులూ చూపించాడు. "జేబుల కార్డుంది, తీస్తున్న" అని చెప్పి, అప్పుడు తీశాడు. "నాకు ఆటిజం ఉంది. ముట్టుకోకుండ్రి. నెమ్మదిగ అడుగుండ్రి, చెప్త" అన్నాడు. "తాగినవా?" అని అడిగారు. పాత ప్రశ్నే. ధర్మేందర్ జవాబు మాత్రం పాతది కాదు. "చాయ్ తాగిన సార్. కల్లు తాగలే. బీరు తాగలే. విస్కీ తాగలే. మీరేం తాగిన్రు?"

వాళ్ళు నవ్వి, అతన్ని నాచారం బస్సు ఎక్కించారు. ధర్మేందర్ ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు.

ఈరమ్మగారు ఫోన్ చేసినప్పుడు త్రివేణి మా మేడ మెట్ల మీద ఉంది. విని, ఫోన్ పెట్టేసింది. తర్వాత ఆ మెట్ల మీది నుంచే గల్లీ మొత్తానికి వినపడేలా అరిచింది: "మా ధర్మేందర్ ఒక్కడే ఇంటికొచ్చిండు!" ఎవరి ధర్మేందరో, ఎక్కడి నుంచి వచ్చాడో తెలియకపోయినా పక్కింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. ప్రమోషన్ వచ్చిన రోజున కూడా ఆమె ముఖం అలా వెలగలేదు.

ఇక చివరి విషయం. కిందటి నెల చాందినికి రోడ్డు మీద అసలు కానిస్టేబుల్‌తో సాధన పెట్టారు. డబ్బాలో అన్నీ సరిగ్గా చేసే అమ్మాయి ఒక్క మాటకూ జవాబివ్వలేదు. ఆయన అడుగుతున్నా వినకుండా రోడ్డు వైపు నడిచిపోయింది. త్రివేణి పరుగెత్తి ఆపింది. ఎందుకు పలకలేదని అడిగితే చాందిని, "ఆయన పోలీసు కాదు. పోలీసుకు నీ గొంతు ఉంటది" అంది.

ఆ సాయంత్రమే త్రివేణి గౌతమితో చెప్పింది: "వీళ్ళు పోలీసులకు అలవాటు పడలే. నాకు పడ్డరు. నా గొంతు తీసెయ్." గౌతమి ఒప్పుకోలేదు. అంత బాగున్న గొంతు ఎందుకు తియ్యాలంది. "బాగుండుడే కష్టమైంది" అంది త్రివేణి. గురువారం మధ్యాహ్నం ఆమె ఆ గదికి పోయింది ఈ పని మీదే. కొత్త గొంతుల రికార్డింగ్ ఖాయం చేసుకుని వచ్చింది.

ఈ వారంలో చాలామంది నన్ను ఒకటే కోరారు. ఆమె గుర్తుగా ఆ గొంతు అలాగే ఉంచమన్నారు. మీ ప్రేమ నాకు అర్థమైంది. నాకూ ఆ ఆశ ఉంది. ఆ గొంతు ఇప్పుడు ఆ డబ్బాలో తప్ప ఎక్కడా వినపడదు. కానీ ఇకమీదట రోడ్డు మీద చాందినిని ఆపేది త్రివేణి కాదు. ఎవరో ఆపుతారు. వాళ్ళ గొంతు ఎలా ఉంటుందో మనకు తెలియదు. ఆ గొంతుకు కూడా చాందిని జవాబివ్వాలి. క్షేమంగా ఇల్లు చేరాలి. త్రివేణి కోరింది అదే.

అందుకే గౌతమీ, అందరి ముందు చెబుతున్నాను. ఆ గొంతు తీసెయ్యి. ఒక కాపీ నాకివ్వు.

ఇప్పుడు అందరూ దయచేసి లేవండి. రెండు నిమిషాలు త్రివేణిని తలచుకుందాం. ధర్మేందర్ నిలబడితే ఊగుతాడు, ఊగనివ్వండి. చాందిని సన్నగా కూనిరాగం తీస్తుంది, తియ్యనివ్వండి. ఎవరూ వాళ్ళవైపు తిరిగి చూడకండి. వాళ్ళ మౌనం అలా ఉంటుంది. మన మౌనం మనం పాటిద్దాం.

ఆ తర్వాత ఇళ్ళకు వెళ్ళండి. రేపు పొద్దున శిక్షణ గదిలో రికార్డింగ్ ఉంది. ఠాణా నుంచి ముగ్గురు వస్తున్నారు, ఇంకొక మగ గొంతు కావాలని గౌతమి అంది. నేను ఒక కంపెనీ ల్యాబ్‌లో పరీక్షనాళికల మధ్య బతికినవాణ్ణి, ఎవరి మీదా గట్టిగా అరిచిన మనిషిని కాను. రేపు పొద్దున ఆ మైకు ముందు నిలబడి, నేను పోలీసునే అని చాందిని నమ్మేదాకా అరుస్తాను.